ఈఈజీ హెడ్‌బ్యాండ్, స్టేబుల్ డిఫ్యూజన్ కలిపి బొమ్మలు: ఇందులో మెదడు వాటా ఎంత?

కుంచె_కీబోర్డు

అందరికీ నమస్కారం. ఫైన్ ఆర్ట్స్ ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను, వైజాగ్. మార్చిలో మా బ్యాచ్ డిస్‌ప్లే ఉంది. దానికి నేను అనుకున్నది ఇదీ: గ్యాలరీలో ఒక కుర్చీ, ఎదురుగా ప్రొజెక్టర్ తెర. వచ్చినవాళ్లు కూర్చుని తలకి ఈఈజీ హెడ్‌బ్యాండ్ (మెదడు విద్యుత్ సంకేతాలని చర్మం మీద నుంచి పట్టుకునే పట్టీ) పెట్టుకుంటారు, వాళ్ల మెదడు తరంగాలని బట్టి ఏఐ అప్పటికప్పుడు బొమ్మలు గీస్తూ పోతుంది. పేరు కూడా పెట్టేశాను, "మీ మనసు బొమ్మ" అని.

ఫ్రెండ్ దగ్గర మ్యూజ్ హెడ్‌బ్యాండ్ అడిగి తెచ్చుకున్నాను. నుదుటి మీద రెండు, చెవుల వెనక రెండు సెన్సర్లు ఉంటాయి చూడండి, అది. వీడియోలు చూసి పైథాన్‌తో సిగ్నల్ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చాను, అక్కడి నుంచి టచ్‌డిజైనర్ అనే విజువల్స్ సాఫ్ట్‌వేర్‌కి, అందులో స్ట్రీమ్‌డిఫ్యూజన్, అంటే స్టేబుల్ డిఫ్యూజన్ అనే బొమ్మలు గీసే ఏఐని వేగంగా నడిపేది. బొమ్మలు వస్తున్నాయి, అందంగానే వస్తున్నాయి, నా టెన్షన్ కూడా అదే. మా అమ్మకి పెట్టి చూశాను. ఊరికే కూర్చున్నంతసేపూ తెర మీద నీలం మబ్బులాంటిది ఒకటి పెద్దగా కదలకుండా ఉంది. ఇంతలో పిన్ని ఫోన్ చేసింది. అమ్మ మాట్లాడడం మొదలుపెట్టగానే తెరంతా ఎరుపు, పసుపు, ఆకారాలు విరిగిపోతూ మళ్లీ అతుక్కుంటూ ఒకటే హడావిడి. "అక్కాచెల్లెళ్ల ప్రేమ చూడవే" అన్నాడు మా తమ్ముడు. సరే అనుకున్నా. ఫోన్ పెట్టేశాక అమ్మ చేగోడీ ఒకటి నోట్లో వేసుకుని నమిలింది, అప్పుడూ అవే రంగులు, అదే హడావిడి, ఇంకా చెప్పాలంటే ఫోన్ కంటే చేగోడీకే ఎక్కువ.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. నేను చూస్తున్నది మెదడేనా, దవడా? జపాన్‌లో ఒసాకా యూనివర్సిటీ వాళ్లు మనిషి చూసిన ఫొటోని మెదడు స్కాన్ నుంచి స్టేబుల్ డిఫ్యూజన్‌తో తిరిగి గీయించారని చదివాను, టెడ్డీబేర్ చూస్తే టెడ్డీబేరే వచ్చింది, మరి నాకెందుకు రాదు? ఇంకోటి, ఇది మెదడు కాదని తేలితే "మీ మనసు బొమ్మ" అని బోర్డు పెట్టడం మోసమేనా? మా సార్‌ని అడిగితే "బాగుంది కదమ్మా, అందరూ ఎంజాయ్ చేస్తారు" అన్నారు, నాకది సరిపోలేదు.

మైక్రోవోల్టు_మాస్టారు

చేగోడీయే మీకు జవాబు చెప్పేసింది అమ్మా. నేను ఈఈజీ టెక్నీషియన్‌ని, రోజూ జనం తలలకి వైర్లు అంటించడమే నా పని, కాబట్టి సిగ్నల్ వరకు చెప్తాను, ఆర్ట్ సంగతి తెలిసినవాళ్లు చెప్తారు.

పుర్రె బయట మనకి దొరికే మెదడు సిగ్నల్ వంద మైక్రోవోల్టుల లోపే, మెలకువగా ఉన్న మనిషికి మామూలుగా ఇంకా చాలా తక్కువ. కనుగుడ్డుకి ముందు వైపు ప్లస్, వెనక వైపు మైనస్ ఛార్జి ఉంటుంది, రెప్ప దాని మీద జారగానే ఆ వోల్టేజి నుదుటికి పాకి మెదడు అలలన్నిటినీ ముంచేస్తుంది. దవడ బిగిస్తే, నమిలితే, మాట్లాడితే, కణతల దగ్గర కండరం 20 హెర్ట్జ్ నుంచి పైనంతా నిండిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కి అది కండరమని ఎలా తెలుస్తుంది? 13 నుంచి 30 హెర్ట్జ్ మధ్య ఏముంటే దానికి బీటా అని, ఆ పైన ఉన్నదానికి గామా అని పేరు పెట్టి మీకు పంపిస్తుంది. అమ్మగారి ఎరుపూ పసుపూ అవే. చాలా యాప్‌లు "ఫోకస్", "ఎగ్జైట్‌మెంట్" అని ఒక అంకె చూపిస్తాయి కదా, లోపల ఏం లెక్క వేస్తున్నారో చెప్పనంతవరకు దాన్ని మీ బొమ్మకి తగిలించొద్దు.

ఇప్పుడు అసలు మెదడు ఎక్కడుందో చూద్దాం. ఎవరినైనా కూర్చోబెట్టి అర నిమిషం కళ్లు తెరిచి, అర నిమిషం మూసి, మళ్లీ తెరిచి ఉంచమనండి. దవడ వదులుగా, పళ్లు పళ్లు తగలకుండా. కళ్లు మూసిన ఒకటి రెండు సెకన్లలో సెకనుకి పదిసార్లు ఊగే అల పైకి లేస్తుంది, తెరవగానే పడిపోతుంది. అదే ఆల్ఫా, 8 నుంచి 13 హెర్ట్జ్. జర్మనీలో యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి ఈఈజీ తీసి, 1929లో అచ్చు వేసినప్పటి నుంచి తెలిసిన విషయమే ఇది. వందేళ్లు దాటినా, ఇలాంటి చిన్న పరికరంతో కొత్తవాళ్ల మీద రెండు నిమిషాల్లో నమ్మకంగా పట్టుకోగలిగింది నా దృష్టిలో ఇదొక్కటే. ఆల్ఫా తల వెనక భాగంలో బలంగా ఉంటుంది, మ్యూజ్‌కి అక్కడ సెన్సర్ లేదు గానీ చెవుల వెనకవాటికి కొంత అందుతుంది. కాబట్టి నుదుటి ఛానెళ్లని బొమ్మకి వాడొద్దు. రెప్ప కొట్టారా లేదా అని కనిపెట్టడానికి మాత్రం ఉంచుకోండి, రెప్ప పడిన ముక్కని లెక్కలోంచి తీసేయొచ్చు.

మేం పేషెంట్లకి ముందు రోజే చెప్తాం, తలంటుకుని నూనె రాయకుండా రమ్మని. మీ గ్యాలరీకి వచ్చేవాళ్లకి ఎవరు చెప్తారు? కొబ్బరినూనె చెవి వెనక దాకా కారి ఉంటుంది, ఆ పొర ఉంటే సెన్సర్ చర్మాన్ని తాకనట్టే. దూది, కొంచెం స్పిరిట్ దగ్గర పెట్టుకోండి, తుడిచి, సెన్సర్‌కి ఒక చుక్క నీళ్లు రాసి పెట్టండి. కళ్లజోడు కాడ చెవి వెనక సెన్సర్‌ని ఎత్తేస్తుంది, తీయించండి. జడలో పూలున్నా, పెద్ద జూకాలున్నా కాస్త సర్దండి. కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ రొద ఎలాగూ ఉంటుంది, ఆ ఒక్క ఫ్రీక్వెన్సీని తీసేసే నాచ్ ఫిల్టర్ వేయండి, ప్రొజెక్టర్ వైర్ల చుట్ట కుర్చీ కింద పెట్టొద్దు. మ్యూజ్ బ్లూటూత్ కాబట్టి బతికిపోయారు. రేపు ఎప్పుడైనా వైర్లున్న బోర్డు వాడితే, ఓపెన్‌బీసీఐ గానీ మన దేశంలోనే తయారయ్యే బయోఆంప్ ఈఎక్స్‌జీ పిల్ గానీ, ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీదే నడపండి. రొద తగ్గడం ఒక్కటే కాదు, మనిషి తలకి, గోడ కరెంటుకి మధ్య దారి ఉండకూడదు.

చివరగా, కొందరిలో ఆల్ఫా చాలా తక్కువగా కనిపిస్తుంది, కళ్లు మూసినా పెద్దగా లేవదు. అది జబ్బు కాదు. తెర కదలకపోతే "నా మెదడు పనిచేయట్లేదా" అని ఎవరో ఒకరు నవ్వుతూనే అడుగుతారు, లోపల మాత్రం భయం ఉంటుంది. ముందే చెప్పి కూర్చోబెట్టండి.

లేటెంట్‌లోకం

మాస్టారు సిగ్నల్ సంగతి తేల్చేశారు కాబట్టి నేను ఒసాకా సంగతి చెప్తాను, ఆఫీసులో ఈ మోడళ్లతోనే తలనొప్పి నాకు.

వాళ్లది ఈఈజీ కాదు, ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ, అంటే మెదడులో రక్తప్రవాహం మార్పుల్ని చూసే స్కాన్. అదీ అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో 7 టెస్లా అనే చాలా బలమైన అయస్కాంతం ఉన్న మెషీన్‌లో తీసిన డేటా. ఎనిమిది మంది, ఒక్కొక్కరూ ఏడాది పొడవునా 30 నుంచి 40 సార్లు ఆ గొట్టంలో పడుకుని వేల ఫొటోలు చూశారు, ఒక్కొక్కరికీ దాదాపు పదివేల దాకా. ఒసాకాలో తకాగి, నిషిమోతో అందులో నలుగురి డేటా తీసుకుని 2023లో సీవీపీఆర్ అనే కంప్యూటర్ విజన్ కాన్ఫరెన్స్‌లో పేపర్ వేశారు. తమాషా ఏంటంటే వాళ్లు స్టేబుల్ డిఫ్యూజన్‌ని అసలు ముట్టుకోలేదు, కొత్తగా ట్రైన్ చేయలేదు. చూపుకి సంబంధించి మెదడులో మొదటి మెట్టు భాగం నుంచి బొమ్మ తాలూకు లేటెంట్‌ని (మోడల్ లోపల బొమ్మకి ఉండే కుదించిన అంకెల రూపం), పై మెట్టు భాగాల నుంచి ప్రాంప్ట్ (ఏం గీయాలో చెప్పే మాటలు) స్థానంలో వెళ్లే అంకెల్ని, లీనియర్ రిగ్రెషన్ అనే మామూలు లెక్కతో ఊహించారు. అంతే. పేపర్ చదివితే ఇంత సింపులా అనిపిస్తుంది, నాకు అందులో నచ్చిందే అది.

కానీ గుర్తుపెట్టుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఆ మోడల్ ఎవరి డేటా మీద తయారైతే వాళ్లకే పనికొస్తుంది. మనిషి చూస్తున్న ఫొటోని పట్టుకుంటుంది, మనసులో అనుకున్నదాన్ని కాదు. ఈ డేటా వాడిన పద్ధతుల మీదే క్యోటోలో కమితాని ల్యాబ్ వాళ్లు 2024లో గట్టి అభ్యంతరం చెప్పారు. పరీక్షకి పెట్టిన ఫొటోలు, నేర్పించిన ఫొటోలు ఒకే రకం గుంపుల్లో ఉన్నాయి, కాబట్టి మోడల్ "ఇది ఏ గుంపు" అని కనిపెట్టి, మిగతాది తన దగ్గరున్న బొమ్మల జ్ఞానంతో అందంగా నింపేస్తోందని. అంటే టెడ్డీబేర్‌లో మెదడు వాటా ఎంత, డిఫ్యూజన్ వాటా ఎంత అని వాళ్ల దగ్గర కూడా తగువే. మీ ప్రశ్న చిన్నదేం కాదు.

ఈఈజీ వైపు ఇంకా ఘోరం. 2017లో ఆరుగురికి 40 రకాల ఫొటోలు చూపించి ఈఈజీ తీసి, ఏం చూశారో కనిపెట్టేశామని ఒక పేపర్ వచ్చింది, ఆ డేటా మీద చాలామంది బొమ్మలు కూడా గీయించారు. తీరా 2020లో వేరేవాళ్లు విప్పి చూస్తే, ఒక రకం ఫొటోలన్నీ వరసగా ఒకే దఫాలో చూపించారు, మోడల్ పట్టుకున్నది కుక్కనీ పిల్లినీ కాదు, ఆ నిమిషంలో సిగ్నల్ నెమ్మదిగా ఎటు జారుతోందో దాన్ని. వరస కలిపేసి చూపిస్తే ఆ ఫలితం కూలిపోయింది. మీరెక్కడైనా "ఈఈజీ నుంచి ఆలోచన బొమ్మ" అని మెరిసిపోయే డెమో చూస్తే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే, ఏ వరసలో చూపించారు అని. మీ నాలుగు సెన్సర్లతో అయితే పక్కింట్లో పోపు వేశారని తెలుస్తుంది, ఏ కూరో తెలియదు.

సరే, లెక్క చూడండి. 512 ఇంటూ 512 పిక్సెళ్ల బొమ్మకి స్టేబుల్ డిఫ్యూజన్ లేటెంట్ 64 ఇంటూ 64 ఇంటూ 4, అంటే 16,384 అంకెలు. దానికి మీరు మెదడు నుంచి ఇస్తున్నది సెకనుకి ఒక అంకె, ఆల్ఫా ఎంత అని. మిగతాదంతా మీరు రాసిన ప్రాంప్టు, మీరు ఎంచుకున్న సీడు (మోడల్ ఏ ర్యాండమ్ నాయిస్ నుంచి గీయడం మొదలుపెట్టాలో చెప్పే అంకె), కోట్లకొద్దీ ఫొటోల మీద మోడల్ నేర్చుకున్నది. ఆ ఒక్క అంకెని ఎక్కడ తగిలిస్తారు అన్నదే మీ ఆర్ట్. నా సలహా, ఫ్రేము ఫ్రేముకీ నాయిస్ మార్చొద్దు, తెర వణుకుతుంది తప్ప ఏమీ అర్థం కాదు. రెండు సీడ్లు తీసుకుని వాటి మధ్య స్లెర్ప్ (ఒకదాని నుంచి ఇంకోదానికి మెల్లగా జరిపే పద్ధతి) చేయండి, ఆల్ఫా తక్కువైతే ఈ చివర, ఎక్కువైతే ఆ చివర. రెండు సెకన్ల విండో మీద ఆల్ఫా పవర్, అంటే దాని బలం కట్టి, ఆ అంకెకి లాగరిథమ్ తీయండి. మనిషి మనిషికీ పవర్ చాలా తేడా ఉంటుంది కాబట్టి మొదటి అర నిమిషం కళ్లు తెరిచి ఉన్నప్పటి సగటునీ, అంకెలు ఎంత అటూ ఇటూ ఊగుతున్నాయో దాన్నీ పట్టుకుని దాంతో సరిచేయండి. తర్వాత స్మూతింగ్, అంటే ఆ అంకె ఎగుడుదిగుళ్లని నున్నగా చేయడం. మరీ ఎక్కువ స్మూత్ చేస్తే కళ్లు మూసిన ఐదు సెకన్లకి బొమ్మ కదులుతుంది, అప్పుడు చూసేవాళ్లకి సంబంధం తెగిపోతుంది.

అడ్డప్రశ్న

ఇంత కష్టం ఎందుకండీ. ఆ ఒక్క అంకె స్థానంలో ర్యాండమ్ నంబర్ పెట్టండి, అదే అందం, అదే మబ్బు. ఎవడికి తెలుస్తుంది? ఈ మధ్య "న్యూరో ఆర్ట్" అని ఎక్కడ చూసినా పెద్ద ఎల్‌ఈడీ గోడ, దాని మీద రంగుల ఇసుక అలలు, పక్కన తలకి టోపీ పెట్టుకున్న మనిషి ఫొటో. టోపీ వైరు పీకేసినా ఆ గోడ అలాగే ఆడుతుంది. బోర్డు తీసేసి స్క్రీన్ సేవర్ అని పెట్టుకోవచ్చు.

కుంచె_కీబోర్డు

అడ్డప్రశ్న గారూ, చదవగానే కోపం వచ్చింది గానీ నిన్నటి నుంచి నన్ను తినేస్తున్నది కూడా అదే. తెలుస్తుందా లేదా అన్నది పరీక్ష పెట్టి చూడొచ్చు కదా? ఎలా పెట్టాలో మాత్రం తట్టట్లేదు.

లేటెంట్‌లోకం

పెట్టొచ్చు, గంట పని. టచ్‌డిజైనర్‌లో మూడు దారులు పెట్టండి. ఒకటి కూర్చున్న మనిషి లైవ్ సిగ్నల్, రెండోది వేరే ఎవరిదో ముందే రికార్డు చేసినది, మూడోది ర్యాండమ్, కానీ దానికీ అదే స్మూతింగ్ వేయాలి, లేకపోతే వణుకు చూసి కనిపెట్టేస్తారు. ఏది నడుస్తోందో మీకూ తెలియకుండా మీ తమ్ముడిని వెనక మార్చమనండి. పక్కన నిలబడ్డవాళ్లు కూర్చున్న మనిషి ముఖాన్నీ తెరనీ చూసి లైవో కాదో చెప్పాలి. చెప్పలేకపోతే అడ్డప్రశ్న గారిదే గెలుపు, మీరు మ్యాపింగ్, అంటే ఏ సిగ్నల్ బొమ్మలో దేన్ని మార్చాలన్నది, మళ్లీ రాసుకోవాలి. చెప్పగలిగితే ఆయన టీ ఇప్పిస్తారు.

పాతగోడ

ఇన్‌స్టలేషన్లు చేస్తాను, కరెంటు, నీళ్లు, ఇనుము, ఇలాంటివి. మీరందరూ ఏఐ దగ్గర మొదలుపెట్టారు, నేను 1965 దగ్గర మొదలుపెడతాను. ఆ ఏడాది మే 5న అమెరికాలో బ్రాండైస్ యూనివర్సిటీ రోజ్ ఆర్ట్ మ్యూజియమ్‌లో ఆల్విన్ లూసియే అనే కంపోజర్ తలకి ఎలక్ట్రోడ్లు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఎడ్మండ్ డూవన్ అనే ఫిజిసిస్టు పరికరం సర్దిపెట్టాడు, ఇంకో కంపోజర్ జాన్ కేజ్ ప్రోత్సాహం ఉంది. లూసియే కళ్లు మూసుకుని మనసు నెమ్మదించుకుంటే ఆల్ఫా లేచేది. దాన్ని ఆంప్లిఫై చేసి స్పీకర్లకి ఇచ్చారు. సెకనుకి పది ఊపులంటే మన చెవికి వినిపించదు, కానీ స్పీకర్ కోన్ కొట్టుకుంటుంది. ఆ స్పీకర్లని డోళ్లకీ, గంటలకీ, తాళాలకీ ఆనించి పెట్టారు. మనిషి కదలడు, హాలంతా వాయిద్యాలు గరగరలాడుతూ మోగుతాయి. ఏమైనా ఆలోచించాడా, కళ్లు తెరిచాడా, ఆగిపోతుంది.

ఇక్కడ ఎవరూ "ఇది లూసియే గారి మనసు పాట" అనలేదు చూడండి. సిగ్నల్ ఏంటో, అది ఏ వస్తువుని కొడుతోందో అందరి ముందే ఉంది. ఆల్ఫా పెరిగింది, డోలు మోగింది. మధ్యలో దాచిందేమీ లేదు. ర్యాండమ్ నంబర్‌తో ఆ డోలు మోగించినా మోగుతుంది, కానీ ఒక మనిషి ఏమీ చేయకుండా ఉండడానికి పడే కష్టం పోతుంది, జనం చూడ్డానికి వచ్చింది దాన్నే. అడ్డప్రశ్న గారికి నా సమాధానం ఇదీ.

తర్వాత చాలామంది చేశారు. లీసా పార్క్ 2013లో నీళ్లు పోసిన పళ్లేల కింద స్పీకర్లు పెట్టి, తన ఈఈజీతో నీళ్లని వణికించింది, నీళ్లు కాబట్టి కళ్లకి కనిపిస్తుంది, నాకు నచ్చింది. రెఫిక్ అనడోల్ 2018లో ఇస్తాంబుల్‌లో పెట్టిన "మెల్టింగ్ మెమొరీస్" కూడా ఈఈజీ డేటాతోనే, శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా యూనివర్సిటీ న్యూరోస్కేప్ ల్యాబ్ సాయంతో, చిన్ననాటి జ్ఞాపకాలు తలుచుకుంటున్నవాళ్ల సిగ్నల్ అన్నారు. కన్ను తిప్పుకోలేం, నిజం, కానీ ఆ గోడ ముందు నిలబడి ఇందులో ఏ కదలిక ఏ జ్ఞాపకానిదని అడిగితే చెప్పేవాళ్లెవరు. నాకు అంతకంటే లండన్ సెర్పెంటైన్ గ్యాలరీలో అదే ఏడాది పియెర్ యూగ్ పెట్టింది గట్టిదనిపిస్తుంది. పైన చెప్పిన కమితాని ల్యాబ్‌వే, స్కాన్ నుంచి తీసిన బొమ్మలు, ఇంకా ఏదీ పూర్తిగా రూపం కట్టనివి, కుక్కో మనిషో తెలియని దశలో తెరల మీద గబగబా మారిపోతుంటాయి, గదిలో నిజం ఈగలు తిరుగుతుంటాయి. ఆ మోడల్ చేతకానితనాన్ని ఆయన దాచలేదు, దాన్నే చూపించాడు. ఇప్పటి డిఫ్యూజన్ మోడళ్లతో చిక్కేంటంటే అవి ఎప్పుడూ తడబడవు, చెత్త సిగ్నల్ ఇచ్చినా మ్యాగజైన్ కవర్ గీసి ఇస్తాయి.

అమ్మాయ్, నువ్వు చేస్తున్నదాంట్లో ఒక మంచి చిక్కు ఉంది, నువ్వు గమనించావో లేదో. మాస్టారు చెప్పిన ప్రకారం ఆల్ఫా లేవాలంటే కళ్లు మూసుకోవాలి. అంటే ఎవరి మెదడు బొమ్మని కదుపుతోందో వాళ్లకి ఆ బొమ్మ కనిపించదు. చూద్దామని కళ్లు తెరిస్తే ఆల్ఫా పడిపోతుంది, బొమ్మ వెనక్కి వెళ్లిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. దీన్ని సమస్య అనుకుని సరిచేయకు, ఇదే పెట్టు. కుర్చీని తెరకి ఎదురుగా వేయి, చూడాలన్న ఆశ ఉండాలి కదా. పక్కన చిన్న మానిటర్ మీద ముడి అల నడవనీ, ఏ రంగూ వేయకుండా. ఆ అల లేచినప్పుడు పెద్ద తెర మారడం జనం వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు, నువ్వు చెప్పక్కర్లేదు. ప్రాంప్టు కూడా గోడ మీద రాసి పెట్టు. నువ్వు రాసిన మాటలు దాచి, వచ్చిన బొమ్మని వాళ్ల మనసు అనడమే మోసం, మిగతాదంతా మామూలు కళే.

అడ్డప్రశ్న

ఇది బాగుంది. కళ్లు తెరిస్తే పోయే బొమ్మ అయితే ర్యాండమ్‌తో రాదు, ఒప్పుకుంటున్నా. వైర్ పీకితే తెలుస్తుంది. కానీ "కళ్లు మూశాడా లేదా" అన్నది యాభై రూపాయల వెబ్‌క్యామ్ కూడా చెప్తుంది కదా, ఈఈజీ దేనికి?

మైక్రోవోల్టు_మాస్టారు

మంచి ప్రశ్నే. కళ్లు మూసుకున్నా ఆల్ఫా ఒకేలా ఉండదండీ. మూసుకుని లోపల 300 నుంచి ఏడేసి చొప్పున తీసేయమనండి, చాలామందిలో తగ్గుతుంది. కునుకు పట్టడం మొదలైతే చెదిరిపోయి, దాని స్థానంలో 4 నుంచి 8 హెర్ట్జ్ థీటా వస్తుంది, గ్యాలరీలో ఏసీ ఉంటే మధ్యాహ్నం పూట ఇది తప్పకుండా చూస్తారు. ప్రశాంతంగా మెలకువగా ఉన్న మనిషికీ, లెక్కలు వేస్తున్న మనిషికీ, జోగుతున్న మనిషికీ కళ్లు మూసే ఉంటాయి, కెమెరాకి ముగ్గురూ ఒకటే. అలా అని తెర చూసి "మీరు లెక్క వేస్తున్నారు" అని చెప్పగలరా అంటే చెప్పలేరు, ఎక్కువ తక్కువలే.

డెన్వర్_బాబాయ్

లేటుగా వచ్చాను. ఆర్ట్, సిగ్నల్ అయిపోయాయి, నాది బోరు కొట్టే సబ్జెక్టు, డేటా. నేనుండే కొలరాడోలో 2024లో ప్రైవసీ చట్టం సవరించి మెదడు నుంచి తీసిన డేటాని కూడా సున్నితమైన సమాచారం కింద చేర్చారు. చిలీ అయితే 2021లో రాజ్యాంగంలోనే మెదడు తాలూకు సమాచారానికి రక్షణ రాసుకుంది, 2023లో అక్కడి సుప్రీంకోర్టు హెడ్‌సెట్ కంపెనీ ఎమోటివ్ మీద తీర్పు ఇచ్చి, కేసు వేసిన ఆయన డేటా తుడిచేయమంది. మీది కాలేజీ డిస్‌ప్లే, అంత సీన్ లేదు అనొచ్చు. కానీ హెడ్‌బ్యాండ్‌ని కంపెనీ యాప్ ద్వారా నడిపితే వచ్చినవాళ్ల సిగ్నల్ మీ ఫ్రెండ్ అకౌంట్ పేరుతో ఎక్కడో సర్వర్‌కి పోతుంది, వాళ్లకి ఆ సంగతి తెలియదు. మీరు పైథాన్‌తో నేరుగా లాగుతున్నారు కాబట్టి ఆ యాప్ అసలు తెరవకండి. రికార్డు చేయకండి, మెమరీలో రెండు సెకన్లు ఉంచుకుని వదిలేయండి. మాస్టారు చెప్పిన పరీక్షకి, సారీ, లేటెంట్‌లోకం చెప్పిన పరీక్షకి రికార్డింగ్ కావాలి కాబట్టి దానికి మీ తమ్ముడిదే వాడండి. మన దగ్గరా 2023 డేటా చట్టం ఉంది, కనీసం ఒక కాగితం మీద "ఏం తీసుకుంటున్నాం, ఏం ఉంచుకోం" అని తెలుగులో నాలుగు లైన్లు రాసి కుర్చీ పక్కన పెట్టండి.

ఇంకొక్కటి, ఇది సీరియస్. తెర తళుక్కు తళుక్కుమని మెరవకూడదు. మూర్ఛ ఉన్నవాళ్లలో కొందరికి వెలుగు గబగబా మినుకుమంటే ఫిట్స్ వస్తాయి, సెకనుకి మూడు మెరుపుల కంటే ఎక్కువ రానివ్వొద్దన్నది వెబ్ పేజీలకి పాటించే గీత. మీ అమ్మగారి ఎరుపు పసుపు హడావిడి వర్ణన చదివి ముందు నాకు తట్టింది ఇదే.

కుంచె_కీబోర్డు

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. తమ్ముడితో, వాడి ఫ్రెండ్స్‌తో పరీక్ష పెట్టాను. పాత మ్యాపింగ్‌తో లైవ్ ఏదో ఎవరూ చెప్పలేకపోయారు, ఒకడు ర్యాండమ్ చూసి "వీడి మెదడే ఇది, ఇంత గందరగోళం వీడికే ఉంటుంది" అని పందెం కట్టాడు. తర్వాత నుదుటి ఛానెళ్లు తీసేసి, చెవి వెనకవాటి ఆల్ఫా ఒక్కటే పెట్టి, రెండు ప్రాంప్టుల, రెండు సీడ్ల మధ్య స్లెర్ప్ రాశాను. ఒక చివర మా భీమిలి ఒడ్డు, ఎండలో, ఖాళీగా. రెండో చివర అదే ఒడ్డు రాత్రి, పడవలతో. కళ్లు మూసి కాసేపు కుదురుకుంటే తెర మీద చీకటి పడుతుంది, పడవలు ఒక్కొక్కటే తేలతాయి. తెరిస్తే ఎండ. ఈసారి పక్కన ఉన్నవాళ్లు లైవ్‌ని దాదాపు ప్రతిసారీ పట్టుకున్నారు. కూర్చున్నవాళ్లు మాత్రం "నాకు పడవలు వచ్చాయా, ఎన్ని వచ్చాయి" అని అందరినీ అడుగుతున్నారు, ఒక కన్ను కొంచెం తెరిచి చూద్దామని ప్రయత్నించినవాళ్లూ ఉన్నారు.

"మీ మనసు బొమ్మ" తీసేశాను. కొత్త పేరు ఇంకా కుదరలేదు. ప్రాంప్టు రెండూ గోడ మీద ఉంటాయి, ముడి అల చిన్న మానిటర్‌లో. ఫొటో తీసి పంపమని అడిగేవాళ్ల సంగతే తేలలేదు, వాళ్ల బొమ్మ వాళ్లే చూడకూడదన్నది పాయింటు అయినప్పుడు ఫోన్‌లో చూపిస్తే ఏం మిగులుతుంది? మా సార్ ఇవ్వమంటున్నారు. నేను ఇవ్వదల్చుకోలేదు.

ఇప్పుడు ఒక్క అడుగు మిగిలింది. నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్ కార్డు 4 జీబీదే, సెకనుకి ఒక ఫ్రేమ్ కూడా రావట్లేదు, పరీక్షకి ఫ్రెండ్ మెషీన్ వాడాను, అది డిస్‌ప్లేకి దొరకదు. ఎంత ఉంటే సరిపోతుంది? అద్దెకి తీసుకోవాలి.

లేటెంట్‌లోకం

8 జీబీ ఎన్‌విడియా కార్డు చాలు, ఒకే స్టెప్‌లో గీసే టర్బో మోడల్ వేసుకోండి, 512 దాటించకండి, ప్రొజెక్టర్‌లో పెద్దది చేసుకోవడమే. మీవి రెండే చివరలు కాబట్టి అసలు లైవ్‌లో గీయక్కర్లేదు కూడా, మధ్య ఫ్రేములు రెండు మూడు వందలు ముందే గీయించి పెట్టుకుని ఆల్ఫాని బట్టి ముందుకీ వెనక్కీ నడిపితే మీ 4 జీబీతోనే నున్నగా నడుస్తుంది. చూసేవాళ్లకి తేడా తెలియదు, కానీ అలా చేస్తే గోడ మీద "అప్పటికప్పుడు గీస్తోంది" అని రాయొద్దు. అద్దెకే తీసుకుంటే ల్యాప్‌టాప్ కాకుండా డెస్క్‌టాప్ అడగండి, మార్చి ఉక్కలో ల్యాప్‌టాప్ గంటకే వేడెక్కి నెమ్మదిస్తుంది.